ఆకుల బొమ్మలు, వాటి కింద పేర్లు

మన విభాగం వరండాలో ఈ గోడపత్రిక పక్కనే అంటించిన ఆకుల బొమ్మలు చూసి చాలామంది అడిగినారు. "ఇది ఫోటోనా? జిరాక్సా? నిజం ఆకునే అంటించినారా?" అని. కొందరు గోరుతో గీకి కూడా చూసినారు. గీకినవాళ్ళకు తెలుసు, పేర్లు రాయను. ఒక్కొక్కరికీ వేరుగా చెప్పేదానికన్నా ఇక్కడే రాస్తే మేలు కదా అని ఇది రాస్తున్నాను. ఎట్లా చేసినామో కొంత, చేస్తూ ఉంటే ఏం తోచిందో కొంత.

అసలు గోడపత్రికకూ ఆకుకూ చుట్టరికం ఉంది. పత్రం అంటే ఆకు. పత్రిక అనే మాట అందులోనుంచే వచ్చింది. పెండ్లి పత్రిక, వార్తాపత్రిక, పరీక్షలో మనల్ని భయపెట్టే ప్రశ్నపత్రం, అన్నీ ఆకులే. సంస్కృతం మాట వదిలేసి అచ్చ తెలుగులోకి వచ్చినా అంతే. తాటికమ్మ అంటే తాటాకు. పాత తెలుగులో కమ్మ అంటే ఉత్తరం కూడా. మనం చెవులకు పెట్టుకునే కమ్మలూ ఆ మాటే, ఒకప్పుడు తాటాకును చుట్టి చెవి రంధ్రంలో పెట్టుకునేవాళ్ళు. తమిళంలో ఓలై అనే మాటకు కూడా సరిగ్గా ఈ మూడు అర్థాలే: ఆకు, ఉత్తరం, చెవి నగ. కన్నడంలో ఓలె కూడా అంతే. మన కృష్ణగిరి, హోసూరు వాళ్ళకు మూడు భాషలూ చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది. వేరే ఊర్లవాళ్ళకు చెప్పాలంటే నిఘంటువు తెరవాల.

తాటాకు మీద రాయడం కూడా బొమ్మ గీయడం లాంటి పనే. అక్కడ సిరా లేదు. గంటం అనే ఇనుప ములికితో ఆకు మీద గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగా కనబడదు. తర్వాత దీపపు మసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి ఆకంతా రుద్ది, గుడ్డతో తుడిస్తే మసి గీతల్లో మాత్రం నిలిచి అక్షరం నల్లగా తేలుతుంది. చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఇట్లాంటి తెలుగు తాళపత్రాలు బోలెడు ఉన్నాయి. 1821లో చనిపోయిన కర్నల్ మెకంజీ పోగుచేయించినవీ, తర్వాత సి.పి. బ్రౌన్ పోగుచేయించినవీ అక్కడికే చేరినాయి.

అడ్డంగా గీత గీస్తే తాటాకు నారల వెంబడి చీలిపోతుంది కాబట్టి తెలుగు అక్షరాలు గుండ్రంగా తిరిగినాయి అని మనందరం చదువుకున్నాము. నాకు ఆ మాట మీద పూర్తిగా నమ్మకం లేదు. తమిళం కూడా అదే తాటాకు మీదే రాసినారు. తమిళంలో "ట", "ప", "మ" రాసి చూడండి, నిలువు గీత, అడ్డ గీత, మూల. ఆకు చీలేదే నిజమైతే వాళ్ళ ఆకు మాత్రం ఎందుకు చీలలేదు? ఆకు ఒక కారణం అయ్యుంటుంది కానీ అదొక్కటే అంటే ఒప్పుకోలేను. మేడంగారు ఈ విషయం మీద క్లాసులో చర్చ పెడితే బాగుంటుంది.

ఇక బొమ్మల సంగతి.

గోడ మీద మొదటి వరుసలో ఉన్నవి అన్నిటికన్నా సులభం, చిన్నపిల్లలు కూడా చేస్తారు. ఆకును బోర్లించి, అంటే ఈనెలు ఉబ్బి ఉండే అడుగువైపు పైకి వచ్చేట్టు పెట్టి, దాని మీద పలచని కాగితం వేసి, క్రేయాన్‌ను పడుకోబెట్టి మెల్లిగా రుద్దడమే. మొనతో రుద్దితే కాగితం చినుగుతుంది. దీని గురించి ఇంతకన్నా రాసేదేమీ లేదు.

రెండో వరుస రంగు అచ్చులు. ఆకు అడుగువైపు పోస్టర్ కలర్‌ను బ్రష్షుతో పలచగా పూసి, కాగితం మీద బోర్లించి, పైన పాత వార్తాపత్రిక పెట్టి అరచేత్తో నొక్కాల. నొక్కేటప్పుడు ఆకు కదలకూడదు. చెప్పడానికి ఇంతే, కానీ ఏ ఆకు తీసుకున్నామనే దాంట్లోనే ఉంది విద్యంతా. జామాకు చాలా మంచిది, ఈనెలు దిట్టంగా ఉంటాయి. టేకాకు పెద్దది, గరుకుగా ఉంటుంది, రంగు బాగా పట్టుకుంటుంది. ఆముదం ఆకు చేతివేళ్ళ మాదిరి విడిపోయి ఉంటుంది కాబట్టి చూసేదానికి గొప్పగా వస్తుంది. మన జిల్లా గొప్పగా చెప్పుకునే మామిడాకే అన్నిటికన్నా మొండిది. పైన మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, నీళ్ళ రంగు వేస్తే బొట్లు బొట్లుగా జారిపోతుంది. దానికి ఉపాయం ఏమంటే, ఆకును ఒకరోజు పాత నోట్సులో పెట్టి వాడనిచ్చి, రంగులో ఒక చుక్క సోపు నీళ్ళు కలిపి, అప్పుడు పూయాల. తోరణానికి మామిడాకును ఎందుకు ఎంచుకున్నారో నాకు అప్పుడే తోచింది. గడపకు కట్టినాక ఎండి వంకర్లు తిరిగినా, చీలదు, తొందరగా రాలదు. అంత గట్టి ఆకు రంగుకు మాత్రం సుళువుగా లొంగుతుందా!

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. ఇటలీలో లియొనార్డో డా విన్సీ రాసుకున్న నోటుపుస్తకాల్లో ఒక సేజ్ ఆకు అచ్చు ఉంది, ఐదువందల ఏండ్ల నాటిది. ఆయన వాడిందీ దీపపు మసీ నూనే. మన గంటం రాతకు రుద్దింది కూడా ఆ మసే కదా. అమెరికాలో 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాగితపు డబ్బు అచ్చువేసేటప్పుడు నోటు వెనక ఆకు బొమ్మ వేసినాడు. అందానికి కాదు, దొంగనోట్లు ఆపేదానికి. ఒక ఆకు ఈనెల అల్లిక ఇంకో ఆకుకు రాదు, చేత్తో చూసి గీసినా సరిగ్గా కుదరదు అని. నేను ఒకే కొమ్మ నుంచి ఐదు జామాకులు తెంపి పక్కపక్కన అచ్చు వేసినాను, రెండో వరుస చివర ఉన్నాయి. కావాలంటే ఈనెలు లెక్కపెట్టి చూసుకోండి.

మూడో వరుసలో గుడ్డ మీద నల్లగా ఉన్నవి చూసి ఇంక్ అనుకున్నారు. అది ఇంక్ కాదు, తుప్పు. దీన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది మన కలంకారీ పద్ధతి.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు మొదట తెల్ల నూలుగుడ్డను కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, ఎండబెడతారు. గుడ్డ లేత పసుపుగా అవుతుంది. కరక్కాయలో ఉండే వగరు (టానిన్ అంటారు) గుడ్డకు పడుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు, గీత గీతగానే నిలుస్తుంది. నలుపు కోసం వాళ్ళు ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసీమి అంటారు. కసీమి చూసేదానికి నల్లగా ఉండదు, ఏదో మురికి నీళ్ళ మాదిరి ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినప్పుడే ఇనుమూ వగరూ కలిసి కాటుక నలుపు పుడుతుంది. గుడ్డ మీద కళ్ళముందరే రంగు మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు మేమంతా అరిచినాము, పక్క క్లాసు నుంచి వచ్చి చూసిపోయినారు.

మేము కలంతో గీయలేదు, ఆకుతో అద్దినాము. కరక్కాయ పొడి కృష్ణగిరి నాటుమందుల అంగట్లో దొరుకుతుంది, తమిళంలో కడుక్కాయ్ పొడి అని అడగాల. తుప్పు మొలలు మా తాత సైకిల్ పెట్టెలోనివి. బెల్లం ఇంట్లోదే. కసీమి నీళ్ళగా ఉంటుంది కాబట్టి ఆకు మీద నిలవదు. మచిలీపట్నం అద్దకంలో రంగును చిక్కగా చేసేదానికి తుమ్మజిగురు కలుపుతారని చదివి మేమూ అదే కలిపినాము. పాలు మాత్రం ప్యాకెట్ పాలు, టోన్డ్ పాలు కాకుండా కొవ్వు ఎక్కువ ఉండేవి. ఇందులో అన్నిటికన్నా బాగా వచ్చింది కానగాకు. వేపాకు అంచుల్లో రంపం పండ్లు కూడా పడినాయి, దగ్గరికి పోయి చూడండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి, కసీమి మీద పడిన చున్నీ మళ్ళీ తెల్లగా కాదు.

ఆకే రంగు అయ్యే పని మనకు ఇంకొకటి తెలుసు, గోరింటాకు. ఆషాఢంలో రుబ్బి పెట్టుకుంటాము. పచ్చగా ఉన్న ఆకు చేతిమీద ఎర్రగా ఎట్లా అయ్యిందని చిన్నప్పుడు అందరం ఆశ్చర్యపోయినవాళ్ళమే. ఆకులో దాగి ఉండే లాసోన్ అనే రంగు రుబ్బినప్పుడు బయటికొచ్చి చర్మానికి అంటుకుంటుంది. కోన్‌లో వచ్చే డిజైన్లలో కూడా సగం ఆకులే గీస్తాము. ఆకు రసంతో ఆకు బొమ్మ!

అద్దం చట్రంలో పెట్టినది జల్లెడాకు. ఆ పేరు మేము పెట్టుకున్నాము. "ఈనెల ఆకు" అని మొదట రాస్తే, ఒకామె "ఈ నెల ఆకు అయితే వచ్చే నెల ఏం పెడతారు?" అని అడిగింది. అందుకని మార్చినాము.

రావాకుతో చేస్తారు దీన్ని. ముదిరిన ఆకులు, పురుగు తినని వాటిని ఏరి, నీళ్ళలో మునిగేట్టు వేసి, పైన రాయి పెట్టి మూడు నాలుగు వారాలు వదిలేయాల. నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు మార్చాల. కంపు కొడుతుంది, అది దాచేది కాదు. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు ఆకులోని మెత్తని కండను తినేస్తాయి. ఈనెలు చెక్క మాదిరి గట్టి పదార్థంతో కట్టినవి కాబట్టి వాటికి త్వరగా లొంగవు. తర్వాత పళ్ళెంలో నీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్షుతో మెల్లిగా తట్టితే పచ్చదనం అంతా ఊడి, వల మాత్రం మిగులుతుంది. తోమకూడదు, తట్టాల. కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టాల. తొందరున్నవాళ్ళు చాకలి సోడా వేసి గంట పైగా ఉడికిస్తారు. అట్లా చేస్తే స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. చేతులకు కూడా తగలకూడదు. వంటకు వాడే గిన్నె అసలు వద్దు. నాకు నీళ్ళలో నానబెట్టే పద్ధతే నచ్చింది. ఉడికించినప్పుడు సన్న ఈనెలు కొన్ని తెగుతాయి.

జామాకుతో కూడా వస్తుంది కానీ రావాకు అంత సన్నని వల రాదు. అరటాకుకు ఈనెలన్నీ పక్కపక్కనే సమంగా పోతాయి, అడ్డంగా పట్టుకునే గట్టి అల్లిక లేదు, అందుకే గాలికే చీలుతుంది. దాంతో ఈ పని కాదు. మన అరటాకులో అన్నం తినేదే మేలు.

ఈ జల్లెడాకు మీద దేవుళ్ళ బొమ్మలు వేసి అమ్ముతారు, మీరూ చూసే ఉంటారు. చైనాలో బౌద్ధులు కూడా బోధివృక్షం అంటే రావి ఆకు మీద సాధువుల బొమ్మలు వేసేవాళ్ళు. వేసినవాళ్ళ చేతి పని గొప్పదే, కాదనను. కానీ నాకు ఎందుకో ఆ వల మీద రంగు పూస్తే ఆకు కనబడకుండా పోయినట్టు ఉంటుంది. నెలరోజులు కష్టపడి ఈనెలు బయటికి తెచ్చి, మళ్ళీ వాటిని మూసేయడం ఏమిటి? ఇంకో చిన్న తగువు కూడా ఉంది. వటపత్రశాయి అంటారు, వటం అంటే మర్రి. కొనుక్కొచ్చే బొమ్మల్లో మాత్రం మన కిట్టయ్య చాలాసార్లు రావాకు మీదనే బొటనవేలు నోట్లో పెట్టుకోని పడుకున్నాడు! తోక మాదిరి సాగిన ఆ కొన రావాకుకే ఉంటుంది, మర్రాకు కొన మొద్దుగా ఉంటుంది. అందానికి రావాకే బాగుంటుందని చిత్రకారులు అనుకున్నారేమో.

ఇప్పుడు నాలుగో వరుస, చేత్తో గీసినవి. వీటిని ఎక్కువమంది చూడకుండానే పోతున్నారు, అచ్చుల ముందు ఇవి వెలవెలబోతాయి. నాకు మాత్రం ఇవే ఎక్కువ నేర్పినాయి.

ఆకును చూసి గీయమంటే మనం ఆకును చూడము. మనసులో ఒక ఆకు ఉంటుంది, ముగ్గులో వేసే ఆకు, చీర అంచు మీది ఆకు. మధ్యలో ఒక గీత, పక్కలకు సమంగా గీతలు. దాన్నే గీస్తాము. నిజం ఆకులో పక్క ఈనెలు ఎదురెదురుగా ఉండవు, ఒకటి పైన ఒకటి కింద. అంచుదాకా పోయి తగిలేవి కొన్ని, తగలకుండానే వంగి పై ఈనెను కలుసుకునేవి కొన్ని. మామిడి చిగురు రాగి ఎరుపులో వేలాడుతుంది, రెండు మూడు రోజుల్లో రంగు మారుతుంది, వారం తర్వాత మెరిసే లేత పచ్చ. ఈరోజు సగం గీసి, రేపు పూర్తి చేద్దామంటే ఆ ఆకు ఉండదు, వేరే ఆకు ఉంటుంది.

మోదుగ గీసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఎక్కడికి పోయినా మోదుగకు మూడే ఆకులు అనే సామెత మనకు తెలుసు. కొమ్మను ముందర పెట్టుకోని గీస్తే, ఆ మూడింటికీ కలిపి ఒకే కాడ. కాడ మొదట్లో మొగ్గ ఉంటుంది, మూడు రేకుల దగ్గర విడివిడిగా మొగ్గలు ఉండవు. అంటే వృక్షశాస్త్రం ప్రకారం అది మూడు ఆకులు కాదు, మూడు రేకులుగా విడిన ఒకటే ఆకు. రాలేటప్పుడు కాడతో సహా రాలుతుంది. విస్తరి కుట్టేవాళ్ళకు మాత్రం అవి మూడు ఆకులే, ఒక్కొక్కటీ తెంపి ఈనెపుల్లలతో కుడతారు కదా. సామెత వాళ్ళ పక్షం.

ఈ మోదుగను మనకన్నా ముందు మన భాషవాళ్ళు గీసినారు. ఈ భాగం కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినా తప్పులేదు.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి గోదావరి దగ్గర సామర్లకోటలో ఉండేవాడు. చెట్లంటే పిచ్చి. ఆయన స్థానిక చిత్రకారులను పనికి పెట్టుకోని, చెట్లను తాజాగా ఉన్నప్పుడే చూసి గీయించినాడు. ఆ బొమ్మలతో లండన్‌లో "ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమండల్" అనే పుస్తకం మూడు సంపుటాలుగా వచ్చింది. మొదటిది 1795లో మొదలైంది, మొత్తం 300 పటాలు. మన మోదుగ మొదటి సంపుటంలోనే ఉంది. చెట్ల పక్కన తెలుగు పేర్లు కూడా ఇచ్చినాడు, "తెలింగ" పేర్లని. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు ఆ పుస్తకంలో ఉంది. తర్వాతి శాస్త్రజ్ఞులు దాని జాతికి సోయ్‌మిడా అనే పేరు పెట్టినారు, లాటిన్ వేషం వేసుకున్న తెలుగు మాట. చెట్టు పేరు అట్లా నిలిచింది. ఆకు ఆకునూ, ఈనె ఈనెనూ గీసిన మనుషుల పేర్లు మాత్రం ఆ పటాల మీద లేవు.

అర్ధశతాబ్దం దాటినాక కథ కొంచెం మారింది, అదీ మన తమిళనాడులోనే. రాబర్ట్ వైట్ (1796–1872) అనే ఇంకో స్కాట్లండు వైద్యుడు మద్రాసులో, తర్వాత కోయంబత్తూరులో పనిచేసినాడు. ఆయన దగ్గర మొదట రంగయ్య, 1840ల మధ్య నుంచి గోవిందు అనే చిత్రకారులు ఉండేవాళ్ళు. తంజావూరు చిత్రకళ వేసే తెలుగు రాజుల కుటుంబాలవాళ్ళని పరిశోధించినవాళ్ళు అంటారు. పేర్లు వింటేనే మనకు అనిపిస్తుంది, అయ్య, ఉ. వైట్ 1838 నుంచి 1853 దాకా మద్రాసులో అచ్చువేసిన "ఐకోనెస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్" అనే పుస్తకంలో 2,000కు పైగా పటాలున్నాయి. వాటి అడుగున మూలలో చిన్న అక్షరాల్లో రంగయ్య అనో గోవిందు అనో ఉంటుంది, పక్కన "గీసినవాడు" అని అర్థమిచ్చే లాటిన్ మాట పొట్టిగా. అంతటితో ఆగకుండా వైట్ ఒక ఆర్కిడ్ జాతికి గోవిందూయియా అని పేరు పెట్టినాడు. దొరల పేర్లు, రాణుల పేర్లు చెట్లకు పెట్టే కాలంలో జీతానికి బొమ్మలు గీసే తెలుగు మనిషి పేరు. ఆ జాతిని తర్వాత వేరే జాతిలో కలిపేసినారు కాబట్టి ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు. అయినా పుస్తకంలో ఉంది, చెరిపేయలేరు. వాళ్ళు గీసిన అసలు బొమ్మలు ఎడిన్‌బరోలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి.

ఆ పటాల నకళ్ళను కంప్యూటర్లో పెద్దవి చేసి చూసినాను. తంజావూరు పటాల్లో బంగారు రేకు, రాళ్ళు, బొద్దు కృష్ణుడు వేసే చేతులవి. ఇక్కడ ఒక్క నగ లేదు. పురుగు కొరికిన ఆకైతే కొరికినట్టే. నేర్చుకున్న అలంకారాన్ని పక్కన పెట్టి, ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం ఎంత కష్టమో నాలుగో వరుస గీసినాక నాకు కొంచెం తెలుసు. "అది చిత్రకళ కాదు, సైన్సు రికార్డు" అని మా స్నేహితురాలు వాదించింది. నేను ఒప్పుకోలేదు. ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

మూలలో ఉన్న ఆ పేర్ల దగ్గరే మాకు అసలు చిక్కు వచ్చింది. గీసినవాళ్ళ పేర్లు రాయడం సులభం, మేము ఆరుమందిమి, ఎవరి బొమ్మ కింద వాళ్ళ పొడి అక్షరాలు వేసుకున్నాము. ఆకు పేరు ఏం రాయాల?

మనలో చాలామందికి ఆకు చూపిస్తే పేరు మొదట తమిళంలో వస్తుంది. అది తప్పేమీ కాదు. 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయినకాలంలో చదువుకున్నవాళ్ళం మనం. నాకు తమిళం వేగంగా రాయడం వచ్చు, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర దిద్దినాను. కానీ ఆకులు ఏరేటప్పుడు ఒకరికొకరం చూపించుకోని "ఇదేందబ్బా తెలుగులో?" అని అడిగితే, సగం ఆకులకు మా దగ్గర మాట లేదు. వావిలాకు చూపిస్తే అందరం నొచ్చి అన్నాము. తంగేడు పువ్వును ఆవారంపూ అన్నాము. సంతలో వినే మాట అదే కదా.

ఆకులన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకోని ఇంటికి పోయినాను. మా అవ్వ అరుగు మీద కూర్చోని ఉంది.

"ఏమ్మీ, ఆ చెత్తంతా యాడికి?"

"చెత్త కాదవ్వా, కాలేజీకి. వీటి పేర్లు చెప్పు."

"ఇవి గూడా తెలీకుండా ఏం సదువుతాండావు?" అని, ఒక్కొక్కటీ తీసి, చూసి, కొన్నిటిని నలిపి వాసన చూసి చెప్పింది. కండ్లు సరిగా కనబడవు ఆమెకు. వాసనతోనే పదికి పైగా చెప్పింది. రాగి, యాప, కానగ, వావిలి, తంగేడు, మోదుగ.

మరుసటి రోజు అది రాసి తెస్తే ఇక్కడ తగువు. "రాగి కాదు, రావి. రాగి అంటే లోహం, రాగులు అంటే ధాన్యం. యాప కాదు, వేప. గోడమీద తప్పు తెలుగు పెడితే మేడంగారు ఏమంటారు?" అని ఒకరు. "అవ్వలు చెప్పేది తప్పు తెలుగెట్లా అవుతుంది?" అని ఇంకొకరు. నేను రెండో పక్షం. రాగిమాను అనేది చిత్తూరు వైపు కూడా అందరూ అనేదే. పుస్తకంలో ఉండే పేరు పుస్తకంలో ఎట్లాగూ ఉంటుంది, దానికి భయం లేదు. అవ్వ నోట్లో ఉండే పేరుకు మనం రాసే కాగితం తప్ప ఇంకో చోటు లేదు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఎవరినో అడిగి "తెలింగ" పేరు రాసుకున్నాడంటే, ఆ చెప్పినవాళ్ళు కూడా ఎవరో ఒక అవ్వో, కట్టెలు కొట్టే తాతో అయ్యుంటారని నా ఊహ.

చివరికి మేడంగారి దగ్గరికే పోయినాము. ఆమె రెండు నిమిషాలు విని, "రెండూ రాయండి. ఇంటి పేరు పైన, పుస్తకం పేరు కింద" అన్నారు. అందుకే బొమ్మల కింద రెండు వరుసలు ఉన్నాయి. కొన్నిటికి పక్కన తమిళం, కన్నడం పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాసినాము: రాగి, రావి, అరస, అరళి. యాప, వేప, వేంబు, బేవు. కానగ, కానుగ, పుంగ, హొంగె. మోదుగకు కన్నడంలో ముత్తుగ, తమిళంలో పురసు. చదువుతూ పోతే ఏది ఏదాంట్లోనుంచి వచ్చిందో చెప్పలేనట్టు కొన్ని దగ్గర దగ్గరగా ఉన్నాయి, కొన్నిటికి పోలికే లేదు. భాషాశాస్త్రం పేపరు చదివే అక్కయ్యలు దీన్ని చూసి ఏమైనా చెప్తే సంతోషం.

నాలుగో వరుస చివర రెండు బొమ్మల కింద పేర్లు ఖాళీగా ఉన్నాయి, గమనించే ఉంటారు. ఒకటి కెలమంగలం దారిలో కంచె మీద పాకే తీగ, హృదయం ఆకారం ఆకు, తుంచితే పాలు వస్తాయి. ఇంకొకటి మా చెరువుగట్టు మీది చిన్న మొక్క, ఆకు అడుగున తెల్లటి నూగు. మా అవ్వకు కూడా రెండోది తెలియలేదు. మొదటిదానికి ఆమె చెప్పిన పేరు ఇంకో స్నేహితురాలి అవ్వ చెప్పిన పేరుతో కలవలేదు, అందుకని రాయలేదు. మీ ఇండ్లలో పెద్దవాళ్ళను అడగండి. ఫోన్లో ఫోటో తీసుకోని పోవచ్చు కానీ, ఆకునే తీసుకోని పోతే మంచిది, వాళ్ళు వాసన చూస్తారు. పేరు తెలిస్తే పెన్సిల్‌తో ఖాళీలో రాయండి, పక్కన మీ ఊరు పేరు కూడా.

వరండా వెనక కుళాయి దగ్గర మూతపెట్టిన మట్టికుండ ఒకటి ఉంది. అందులో ఇరవై రావాకులు నానుతున్నాయి, ఇంకా రెండు వారాలు పడుతుంది. కంపు కొడుతుందని దయచేసి ఎవరూ పారబోయవద్దు. జల్లెడాకు చేయడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు పాత టూత్‌బ్రష్షు ఒకటి తెచ్చుకోండి.